గురువులకు పాఠం చెప్పిన గురువు



కొత్త సంవత్సరం వస్తుందనగా మన ఇళ్ళలో తలుపు పక్కన మేకుకు కొత్త క్యాలెండరు తగిలిస్తాం. తగిలించగానే మనలో చాలామంది చేసే మొదటి పని పేజీలు తిప్పి బూడిద బుధవారం ఎప్పుడు వచ్చిందో, ఈస్టరు పండుగ మార్చిలో పడిందో ఏప్రిల్‌లో పడిందో చూసుకోవడం. ఆ లెక్కలన్నిటినీ నాలుగు వందల ఏళ్ళ క్రితం సరిచూసి, అవి తప్పని వాదించిన వారందరికీ ఓపికగా జవాబు చెప్పిన యేసుసభ గురువు ఒకరున్నారు. పేరు క్రిస్టఫర్ క్లావియుస్. క్యాలెండరు మాట ఎత్తినప్పుడల్లా పండితులు ఆయన పేరు చెబుతారు. అయితే ఈ వారం నేను చెప్పదలచింది క్యాలెండరు గురించి కాదు. ఆయన జీవితంలో ఎక్కువ ఏళ్ళు తీసుకున్న పని ఇంకొకటి ఉంది. విశ్వవిద్యాలయాల్లో గణితం, ఖగోళశాస్త్రం చెప్పబోయే వారిని ముందుగా తయారుచేయడం. అంటే, పాఠం చెప్పబోయేవారికి పాఠం చెప్పడం.

ఇది మనకు దూరపు విషయమేమీ కాదు. మన దగ్గర హైస్కూల్లో లెక్కలు చెప్పాలంటే బి.ఎడ్. చదవాలి. పాఠాన్ని ఎలా విడగొట్టుకోవాలో, పిల్లవాడికి ఎక్కడ అనుమానం వస్తుందో, బోర్డు మీద ఏది ముందు రాయాలో అక్కడ నేర్పుతారు. అదే డిగ్రీ కళాశాలలోనో విశ్వవిద్యాలయంలోనో ఫిజిక్సు చెప్పాలంటే ఆ శిక్షణ ఎవరూ అడగరు. మొన్నటిదాకా బెంచీ మీద కూర్చున్న కుర్రవాడు ఎమ్మెస్సీ పాసై, నెట్టో సెట్టో గట్టెక్కి, ఇవాళ చాక్‌పీసు పట్టుకుని నిలబడతాడు. యు.జి.సి. వారు 1980ల చివర స్టాఫ్ కాలేజీలు పెట్టి కొంత లోటు తీర్చారు గాని, అది ఉద్యోగంలో చేరిన తరువాతి మాట. చేరకముందే నేర్పాలని పట్టుబట్టిన వారిలో క్లావియుస్ గారు చాలా ముందువారు. ఆ పట్టుదల వల్ల ఆయనకు సాటి గురువులతోనే పేచీలు వచ్చాయి. చివరికి తాను నేర్పిన శిష్యులే తన నమ్మకాలను కదిలించే రోజు కూడా వచ్చింది.

జర్మనీ దేశంలోని బాంబెర్గ్ ప్రాంతంలో 1538 మార్చి 25న, మంగళవార్త పండుగ నాడు ఆయన జన్మించారు. పదిహేడేళ్ళ వయసులో, 1555లో రోములో యేసుసభలో చేరారు. అప్పటికి సభ స్థాపకులు పునీత లొయోలా ఇగ్నేషియస్ వారు ఇంకా జీవించే ఉన్నారు. మరుసటి యేడు జూలైలో పరమపదించారు. కుర్ర క్లావియుస్‌ను పెద్దలు పోర్చుగల్ దేశంలోని కోయింబ్రా విశ్వవిద్యాలయానికి చదువుకు పంపారు. అక్కడ తత్వశాస్త్రం పద్ధతి ప్రకారం చెప్పారు. గణితం మాత్రం ఆయన చాలావరకు సొంతంగానే పుస్తకాలు ముందు వేసుకుని నేర్చుకున్నారు. చెప్పేవారు లేక ఒంటరిగా నేర్చుకోవడం ఎంత కష్టమో అప్పుడే అనుభవించి ఉంటారని నాకనిపిస్తుంది.

ఆ ఊళ్ళోనే 1560 ఆగస్టు 21న ఆయన ఒక సంపూర్ణ సూర్యగ్రహణం చూశారు. మిట్టమధ్యాహ్నం వేళ చీకటి పడి, ఆకాశంలో నక్షత్రాలు కనిపించి, పక్షులు బెదిరి నేల మీద పడ్డాయని తరువాత తన పుస్తకంలో రాసుకున్నారు. ఏడేళ్ళకు రోములో ఇంకో గ్రహణం చూసినప్పుడు సూర్యుని చుట్టూ సన్నని వెలుగు ఉంగరం మిగిలి ఉందని గమనించి, దాన్ని కూడా ఉన్నది ఉన్నట్టు రాశారు. పాత గ్రంథాల ప్రకారం అలా కనిపించడానికి వీల్లేదు. అయినా తన కళ్ళు చూసినదాన్ని ఆయన దిద్దుకోలేదు. ఈ గుణం గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

కోయింబ్రా నుంచి రోముకు తిరిగి వచ్చి దైవశాస్త్రం చదువుతూ, 1560ల తొలి సంవత్సరాల్లోనే కొలేజియో రొమానో అనే రోము కళాశాలలో గణితం చెప్పడం మొదలుపెట్టారు. 1564లో గురుపట్టం పొందారు. ఇగ్నేషియస్ వారు 1551లో జీతం తీసుకోకుండా చదువు చెప్పడానికి పెట్టిన కళాశాల అది. ఇప్పుడు మన మేత్రాసనాల నుంచి గురువులు పై చదువులకు వెళ్ళే గ్రెగోరియన్ విశ్వవిద్యాలయం దాని కొనసాగింపే. కొద్దిపాటి విరామాలు తప్ప నలభై అయిదేళ్ళకు పైగా క్లావియుస్ గారు ఆ కళాశాలను విడిచిపెట్టలేదు. బిషపు కాలేదు, కార్డినలు కాలేదు. లెక్కల మాస్టారుగానే ఉండిపోయారు.

ఆ రోజుల్లో లెక్కల మాస్టారంటే ఎవరికీ లెక్క లేదు. విశ్వవిద్యాలయంలో పెద్దపీట దైవశాస్త్రానిది, దాని తరువాత తత్వశాస్త్రానిది. భౌతికశాస్త్రం అంటే అరిస్టాటిల్ గ్రంథాలకు వ్యాఖ్యానం చెప్పడమే. గణితం మధ్యలో దూరిన చుట్టం లాంటిది. పట్టాలిచ్చే సభలకు గణిత అధ్యాపకుణ్ణి పిలవడం తప్పనిసరి కాదు. కొన్ని చోట్ల ఎవరికి తీరిక ఉంటే వారికి ఆ పాఠం అప్పగించేవారు. ఆయన ఈ యేడు యూక్లిడ్ చెప్పి, వచ్చే యేడు ఇంకేదో చెప్పుకునేవాడు. ఇవన్నీ ఒక ఎత్తు. అదే కళాశాలలో తత్వశాస్త్రం చెప్పే బెనెడిక్ట్ పెరేరా అనే మరో యేసుసభ గురువు, గణితం అసలు నిజమైన శాస్త్రమే కాదని 1576లో అచ్చయిన తన గ్రంథంలో వాదించారు. గణితం వస్తువుల అసలు కారణాలను చెప్పదు, ఊహించిన గీతల గురించీ అంకెల గురించీ మాట్లాడుతుంది కాబట్టి దాని నిరూపణలు నిరూపణలు కావు అన్నది ఆయన వాదన సారాంశం. ఒకే మఠంలో ఒకే బల్ల దగ్గర భోంచేసే ఇద్దరు గురువులు! ఉదయం ఒకరి క్లాసులో అది శాస్త్రం కాదని విని, ఆ తరువాత ఇంకొకరి క్లాసుకు వచ్చే విద్యార్థి ఏ మనసుతో కూర్చుంటాడు?

క్లావియుస్ గారు దీనికి వీధి పోట్లాట పెట్టుకోలేదు. ముందుగా పాఠ్యపుస్తకాలు రాశారు. 1570లో గోళశాస్త్రం మీద వ్యాఖ్యానం, 1574లో యూక్లిడ్ జ్యామితి, ఆ పైన నీడగడియారాల మీద, అంకగణితం మీద, ఆస్ట్రొలేబు అనే నక్షత్ర యంత్రం మీద, 1608లో బీజగణితం మీద. ఇవి పండితులను మెప్పించడానికి రాసినవి కావు. యూక్లిడ్ ఒక మెట్టు వదిలేసి దాటిపోయిన చోట ఈయన ఆగి, ఆ మెట్టు ఎందుకు నిలబడుతుందో వివరంగా రాశారు. ఏ మారుమూల కళాశాలలోనైనా ఒంటరిగా పాఠం చెప్పుకునే అధ్యాపకుడికి ఆసరాగా ఉండాలన్నది ఆయన ఉద్దేశం. ఆ పుస్తకాలు యూరోపంతటా పదే పదే అచ్చయ్యాయి. ఫ్రాన్సులో యేసుసభవారి లాఫ్లెష్ కళాశాలలో చదివిన దెకార్త్ బీజగణితాన్ని క్లావియుస్ గారి పుస్తకంలోనే చదివాడు.

పుస్తకం ఉంటే చాలదని ఆయనకు త్వరలోనే తెలిసివచ్చింది. పుస్తకం చెప్పే మనిషి కావాలి. 1582 ప్రాంతంలో సభ పెద్దలకు ఆయన కొన్ని విన్నపాలు రాసి ఇచ్చారు. సభ పాఠశాలల్లో గణితాన్ని ఏ విధంగా వృద్ధిచేయాలన్నది వాటి విషయం. చదువుతుంటే నిన్న రాసినట్టే ఉంటుంది. గణితం చెప్పే వ్యక్తిని కూడా మిగతా అధ్యాపకులతో సమానంగా చూడాలనీ, పట్టాలిచ్చే సభలకూ బహిరంగ వాదాలకూ ఆయనను పిలవాలనీ, అక్కడ ఆయన కూడా లేచి వాదించే వీలుండాలనీ కోరారు. గురువుకు గౌరవం లేని విషయాన్ని శిష్యులు గౌరవించరన్నది ఆయన లోకజ్ఞానం. తత్వశాస్త్రం చెప్పేవారు క్లాసులో గణితాన్ని తక్కువ చేసి మాట్లాడకుండా చూడాలని కూడా రాశారు. పెరేరా గారి పేరు ఎత్తకుండానే అది ఎవరికి తగలాలో వారికి తగిలింది. గణితం రానివారు ప్రకృతిశాస్త్రాన్ని కూడా సరిగా చెప్పలేరన్నారు. పెద్ద కుటుంబాల వారు, రాజోద్యోగులు గణితం గురించి మాట్లాడుకుంటుంటే మన గురువులు సిగ్గుపడి నోరు మూసుకుని కూర్చోవలసి వస్తోందని కూడా వాపోయారు.

ఆ విన్నపాల్లో అసలైనది ఇది: గణితం చెప్పబోయే వారిని కొందరిని ఎంచి, మామూలు క్లాసు బయట, ప్రత్యేకంగా కొన్ని సంవత్సరాలు తయారుచేయాలి. వారు తిరిగి తమ తమ ప్రాంతాలకు వెళ్ళి అక్కడి కళాశాలల్లో చెప్పాలి. దీనికోసం ఏది ముందు, ఏది తరువాత చదవాలో పూర్తి క్రమం ఒకటి, మధ్యరకం ఒకటి, తొందరలో ఉన్నవారికి పొట్టిది ఒకటి, మొత్తం మూడు పాఠ్యక్రమాలు రాసిపెట్టారు. యూక్లిడ్‌తో మొదలై అంకగణితం, గోళశాస్త్రం, బీజగణితం, నీడగడియారాలు, గ్రహగతుల మీదుగా ఆర్కిమెడీస్ దాకా వెళ్ళే పెద్ద దారి అది. అందరూ ఆర్కిమెడీస్ దాకా రాలేరని ఆయనకు తెలుసు. అందుకే పొట్టి దారి కూడా వేశారు. పాఠం చెప్పే అనుభవం ఉన్నవారికే ఇటువంటి ఆలోచన వస్తుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే క్యాలెండరు పని కూడా నెత్తిన పడింది. దాన్ని క్లుప్తంగా చెప్పి ముందుకు పోతాను. జూలియస్ సీజరు కాలం నాటి పద్ధతిలో సంవత్సరం అసలు కంటే దాదాపు 11 నిమిషాలు ఎక్కువ. ఏటా 11 నిమిషాలే అయినా, నైసియా మహాసభ జరిగిన 325 నుంచి లెక్కిస్తే 16వ శతాబ్దానికి అది పది రోజులైంది. వసంతకాలంలో పగలూ రాత్రీ సమానమయ్యే రోజు మార్చి 21 నుంచి 11కు జరిగిపోయింది, దానితో పాటు ఈస్టరు లెక్కా తప్పింది. ఇటలీ దేశపు వైద్యుడు లూయీజి లీలియో కొత్త లెక్క ఒకటి తయారుచేసి 1576లో చనిపోయాడు. పదమూడవ గ్రెగోరి పోపుగారు నియమించిన సంఘంలో క్లావియుస్ గారు సభ్యులై ఆ లెక్కను పరీక్షించారు. 1582లో అక్టోబరు 4 గురువారం గడిచాక మరునాడు అక్టోబరు 15 శుక్రవారం అయింది. పునీత అవిలాపురి తెరేజమ్మగారు ఆ రాత్రే పరమపదించారు. ఆమె పండుగ అక్టోబరు 15న ఎందుకు వస్తుందో ఉపదేశి తరగతిలో పిల్లలు అడిగితే ఈ సంగతి చెప్పవచ్చు. ప్రొటెస్టెంటు దేశాలు చాలాకాలం ఒప్పుకోలేదు. ఇంగ్లండు, దాని అధీనంలోని ప్రాంతాలు 1752 దాకా ఆగాయి. మెస్ట్లిన్, స్కాలిజర్, వియేట్ వంటి ఉద్దండులు లెక్క తప్పన్నారు. ప్రతి ఒక్కరికీ క్లావియుస్ గారు జవాబు రాశారు. 1603లో వచ్చిన ఆయన వివరణ గ్రంథం ఎంత లావో! ఇంతటి పని నెత్తిన ఉన్నా క్లాసు మానలేదు.

మళ్ళీ పాఠశాల దగ్గరికి వద్దాం. యేసుసభవారు తమ కళాశాలలన్నిటికీ ఒకే విద్యాప్రణాళిక రాయాలని పూనుకుని 1586లో మొదటి ముసాయిదా తయారుచేశారు. క్లావియుస్ గారి కోరిక అందులోకి ఎక్కింది. రోములో ఇద్దరు గణిత అధ్యాపకులుండాలి. ఒకరు అందరికీ చెప్పే మామూలు పాఠం చెప్పాలి. రెండవవారు, ఇప్పటికి క్లావియుస్ గారు కావచ్చు, ఎనిమిది పది మంది యేసుసభ యువకులకు ప్రత్యేకంగా మూడేళ్ళ పాటు లోతుగా చెప్పాలి. ఆ పదిమంది ఎవరు? తత్వశాస్త్రం పూర్తిచేసినవారు, వీలైతే ఒక్కో ప్రాంతం నుంచి ఒక్కరు, కనీసం మధ్యరకపు తెలివి ఉండి గణితమంటే అయిష్టం లేనివారు. మహామేధావులు కావాలని అడగలేదు చూడండి. తెలివి మధ్యరకమైనా ఫరవాలేదు, అయిష్టం మాత్రం ఉండకూడదు. మన కళాశాలల్లో అధ్యాపకులను తీసుకునేటప్పుడు మార్కుల జాబితా పక్కన ఈ రెండో షరతు కూడా ఒకటి ఉంటే ఎలా ఉండేదో అని నాకెప్పుడూ అనిపిస్తుంది.

ముసాయిదా అన్ని ప్రాంతాలకూ వెళ్ళింది, మళ్ళీ రాశారు, మళ్ళీ రాశారు. 1599 జనవరిలో ఖాయమైన ప్రణాళికలో ఆ మూడేళ్ళ వివరాలన్నీ మిగల్లేదు. తత్వశాస్త్రం రెండవ యేటి విద్యార్థులకు రోజుకు ముప్పావు గంట గణితం, నెలకో రెండు నెలలకో ఒకసారి ఒక విద్యార్థి పెద్ద సభలో పేరున్న ఒక సమస్యను విప్పి చూపడం, ఆసక్తీ అర్హతా ఉన్నవారికి కోర్సు తరువాత విడిగా చెప్పడం, ఇంతవరకు మిగిలింది. ఆయన అడిగిన దానిలో అది కొంత మాత్రమే. అయితే కాగితం మీద తగ్గినది రోము కళాశాలలోని ఆయన గదిలో తగ్గలేదు. అప్పటికే అక్కడ అకాడమీ అని పిలిచే చిన్న బృందం నడుస్తోంది. పెద్దవయసులో ఆయన మామూలు క్లాసులు శిష్యులకు వదిలి ఈ బృందం మీదే ఎక్కువగా దృష్టిపెట్టారు.

ఆ గదిలో జరిగింది ఉపన్యాసం వినడం ఒక్కటే కాదు. శిష్యులు సమస్యలు విప్పేవారు, పనిముట్లు చేసేవారు, గ్రహణాలూ గ్రహాలూ పరిశీలించేవారు, మిగతావారి పుస్తకాలు అచ్చుకు వెళ్ళేముందు సరిచూసేవారు. దూర ప్రాంతాల కళాశాలల్లో పనిచేస్తున్న పాత శిష్యుల నుంచి ఉత్తరాలు వచ్చేవి: ఫలానా గ్రహణం మా ఊళ్ళో ఇన్ని గంటలకు పట్టింది, ఫలానా నిరూపణలో నాకో అనుమానం, అని. ఆయన జవాబులు రాసేవారు. అటువంటి ఉత్తరాలు వందలాదిగా గ్రెగోరియన్ విశ్వవిద్యాలయం గ్రంథాలయంలో ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. పంపించిన తరువాత కూడా శిష్యుణ్ణి వదలకపోవడం ఆ శిక్షణలో సగం.

ఆ గదిలోంచి, అంతకు ముందరి ఆయన క్లాసుల్లోంచి వెళ్ళినవారిని చూడండి. బియంకాని పార్మాలో, గుల్డిన్ గ్రాట్జ్‌లోనూ వియన్నాలోనూ, గ్రెగరీ సెయింట్ విన్సెంట్ ఆంట్‌వెర్ప్, లువేన్ పట్టణాల్లోనూ గణితం చెప్పారు. గ్రీన్‌బెర్గర్ రోములోనే ఉండి గురువుగారి స్థానంలో నిలిచారు. అందరికంటే దూరం వెళ్ళినవారు మత్తయి రిచ్చి. అకాడమీ స్థిరపడక ముందే, 1570లలో ఆయన క్లావియుస్ గారి దగ్గర చదువుకున్నారు. 1578లో గోవాకు వచ్చి, 1580లో మన పొరుగున కొచ్చిలో గురుపట్టం పొంది, 1582లో మకావు చేరారు. చైనాలో ఆయన మొదట సువార్త గ్రంథం తెరవలేదు. నీడగడియారాలు, గోళాలు, ప్రపంచపటం చూపించారు. రోములో తన చేతులతో చేయడం నేర్చుకున్నవి అవి. పౌలు అనే పేరుతో జ్ఞానస్నానం పొందిన పండితుడు షూ గువాంగ్‌చీతో కలిసి, తన గురువు రాసిన యూక్లిడ్ పుస్తకంలోని మొదటి ఆరు భాగాలను 1607లో చైనా భాషలో అచ్చువేయించారు. ఆ పుస్తకం పేరులో జ్యామితికి వారు వాడిన మాటనే చైనావారు ఇప్పటికీ వాడుతున్నారు. లాటిన్‌లో క్లావుస్ అంటే మేకు. రిచ్చి గారు తన గురువు పేరును మేకు అనే అర్థం వచ్చే డింగ్ అన్న అక్షరంతో రాశారు. చైనా విద్యార్థులకు ఆయన డింగ్ మాస్టారు. 1606లో చెక్కిన ఒక చిత్రంలో ఈ మాస్టారు బల్ల దగ్గర కూర్చుని, చేతిలో వృత్తలేఖిని పట్టుకుని ఉంటారు. బొద్దుగా, గడ్డంతో, ఎవరో తలుపు తట్టి పని చెడగొట్టినట్టు చూస్తుంటారు.

ఇక గెలీలియో సంగతి. 1587లో ఇరవై మూడేళ్ళ ఆ కుర్రవాడు పట్టా లేకుండానే, ఘనపదార్థాల గరిమకేంద్రం మీద తాను కనుగొన్నవి పట్టుకుని రోముకు క్లావియుస్ గారిని చూడడానికి వచ్చాడు. ఆయన చదివి, ఒక నిరూపణ దగ్గర తన అనుమానం తరువాత ఉత్తరంలో రాశారు. పెద్దవారు కుర్రవాడి లెక్కను ఆ మాత్రం శ్రద్ధగా చదవడమే గొప్ప. గెలీలియో వయసులో ఉన్నప్పుడు రాసుకున్న నోట్సుల్లో రోము కళాశాల పాఠాల జాడలు ఉన్నాయని చరిత్రకారులు చూపించారు.

ఇరవై మూడేళ్ళ తరువాత, 1610 మార్చిలో, గెలీలియో దుర్భిణితో తాను చూసినవన్నీ అచ్చువేశాడు. చంద్రుని మీద కొండలు, గురుగ్రహం చుట్టూ నాలుగు చిన్న చంద్రులు. క్లావియుస్ గారికి అప్పటికి 72 ఏళ్ళు. భూమి కదలదని నలభై ఏళ్ళుగా చెబుతూ వచ్చినవారు. కొపర్నికస్ పద్ధతిని తమ పుస్తకంలో ఖండించినవారు. మొదట ఈ కబురు విని నవ్వారు. అద్దంలో ఏదో పెట్టి ఉంటారని ఎగతాళి చేశారు. ఇది దాచవలసిన విషయం కాదు.

కాని ఆయన శిష్యులు నవ్వి ఊరుకోలేదు. ఆయన నేర్పింది అది కాదు కదా. లెంబో అనే శిష్యుడు కళాశాలలోనే దుర్భిణులు తయారుచేశాడు. అందరూ కలిసి రాత్రుల తరబడి గురుగ్రహాన్ని చూశారు. ఆ చిన్న చుక్కలు చోటు మారుతున్నాయి, తిరిగి వస్తున్నాయి. గురువుగారిని పిలిచి చూపించారు. 1610 డిసెంబరు 17న క్లావియుస్ గారు గెలీలియోకు స్వయంగా ఉత్తరం రాసి, తామూ వాటిని చూశామని ఒప్పుకున్నారు.

మరుసటి మార్చి చివర గెలీలియో రోముకు రాగానే కళాశాలకు వెళ్ళి ఆయనను కలిశాడు. ఏప్రిల్‌లో కార్డినల్ రాబర్ట్ బెల్లర్మిన్ గారు, ఇప్పుడు మన పునీతులు, కళాశాల గణిత పండితులకు ఒక చీటీ రాశారు. గెలీలియో చూశానంటున్న అయిదు విషయాలు నిజమేనా అని అడిగారు. 24వ తేదీన జవాబు వెళ్ళింది. కింద నాలుగు సంతకాలు: క్లావియుస్, గ్రీన్‌బెర్గర్, మెల్కోట్, లెంబో. లెక్కకు అందని నక్షత్రాలు దుర్భిణిలో కనిపిస్తున్నాయి, నిజమే. శుక్రుడు చంద్రునిలా పెరుగుతూ తరుగుతూ ఉన్నాడు, నిజమే. శని గుండ్రంగా కాక కోలగా కనిపిస్తోంది. గురుగ్రహానికి నాలుగు చంద్రులున్నాయి. చంద్రుని ఎగుడుదిగుళ్ళ దగ్గర మాత్రం ఏకాభిప్రాయం లేదు. ఉపరితలం సమంగానే ఉండి, లోపలి పదార్థం కొన్ని చోట్ల చిక్కగా, కొన్ని చోట్ల పలుచగా ఉండవచ్చునన్నది క్లావియుస్ గారి అభిప్రాయమనీ, నిజంగానే ఎగుడుదిగుడుగా ఉందని మిగతావారు అనుకుంటున్నారనీ, ఇంకా రూఢి కాలేదనీ అందులో రాసి ఉంది.

ఆ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగాను. కార్డినలుగారికి పంపే కాగితం. కళాశాలలో అందరికంటే పెద్దవారు, ఆ శిష్యులను అక్షరాల నుంచి తయారుచేసినవారు, ఒక మాట అంటున్నారు. శిష్యులు కాదంటున్నారు. కాదన్నట్టే రాశారు. గురువుగారు ఆ కాగితం మీదే తమ సంతకం పెట్టారు.

మే నెలలో కళాశాలవారు గెలీలియోకు సభ చేసి గౌరవించారు. మెల్కోట్ గారు లేచి ఉపన్యాసం ఇచ్చారు. తత్వశాస్త్రం చెప్పేవారు వెనుక కూర్చుని సణుక్కున్నారని అక్కడున్న గ్రెగరీ సెయింట్ విన్సెంట్ తరువాత గుర్తుచేసుకున్నారు. ముప్పయ్యేళ్ళ క్రితం లెక్కల మాస్టారును పిలవడమే అనుమానమైన సభల్లో, ఈసారి మాట్లాడింది లెక్కల మాస్టార్లు. అదే సంవత్సరం తన గోళశాస్త్ర గ్రంథాన్ని ఆఖరుసారి అచ్చువేయిస్తూ క్లావియుస్ గారు దుర్భిణి చూపిన వింతలను అందులో చేర్చి, వాటికి సరిపడేలా గ్రహమండలాలను ఎలా అమర్చాలో ఖగోళశాస్త్రజ్ఞులు ఆలోచించుకోవాలని రాశారు. తాము మాత్రం కొత్త అమరిక చెప్పలేదు. చెప్పే ఓపిక కూడా మిగల్లేదు. 1612 ఫిబ్రవరిలో రోములోనే కన్నుమూశారు.

తరువాతి కథ చేదుగా నడిచింది. 1616లో కొపర్నికస్ సిద్ధాంతాన్ని నిషేధించారు, 1633లో గెలీలియోకు శిక్ష వేశారు. రెండవ జాన్‌పాల్ పోపుగారు 1992 అక్టోబరులో ఆ తీర్పులోని పొరపాటును బహిరంగంగా ఒప్పుకునేవరకు శ్రీసభ ఆ బరువు మోసింది. క్లావియుస్ గారు ఇంకో ఇరవై ఏళ్ళు బతికి ఉంటే ఏమయ్యేదని కొందరు అడుగుతారు. చెప్పలేం. ఆయన అకాడమీలో తయారైనవారు మాత్రం, నోటికి తాళం పడిన ఆ రోజుల్లో కూడా, చూడడం మానలేదు.

వారిలో పార్మాకు వెళ్ళిన బియంకాని గారికి రిచ్చోలి అనే శిష్యుడు ఉండేవాడు. అంటే క్లావియుస్ గారికి మనవడి వరస. ఆయన 1651లో బొలోన్యాలో చంద్రుని పటం ఒకటి అచ్చువేయించి, గుంటలకూ మైదానాలకూ పేర్లు పెట్టారు. మనం ఇప్పుడు వాడేవి చాలావరకు ఆ పేర్లే. దక్షిణపు అంచు దగ్గర సుమారు 230 కిలోమీటర్ల వెడల్పున్న పెద్ద గుంటకు తాతగారి పేరు పెట్టారు. ఎండ పడే ఆ నేలలో నీటి జాడ కనిపించిందని 2020 అక్టోబరులో నాసావారు ప్రకటించారు. శుక్ల నవమి, దశమి రాత్రుల్లో మబ్బు లేకపోతే మామూలు బైనాక్యులర్స్‌తో పిల్లలకు చూపించవచ్చు. వెలుగూ నీడా కలిసే గీత మీద, ఎగుడుదిగుడుగా, బాగానే కనిపిస్తుంది.